ఒకే కారు, రెండు తీర్పులు: చిన్న కార్ల సమీక్షల్లో పక్షపాతం ఎక్కడ ఉంటుంది?

2025 సెప్టెంబరు 22న కొత్త జీఎస్టీ రేట్లు అమల్లోకి వచ్చాక చిన్న కార్ల మాట మళ్లీ ఇళ్లలో వినిపిస్తోంది. అంతకుముందు చిన్న పెట్రోలు కారుపై 28 శాతం జీఎస్టీ, దానికి తోడు 1 శాతం సెస్సు ఉండేవి. ఇప్పుడు మొత్తం పన్ను 18 శాతమే. పన్నుకు ముందు 4,00,000 రూపాయలు పలికే కారు పాత లెక్కలో 5,16,000కు వచ్చేది, కొత్త లెక్కలో 4,72,000కు వస్తుంది. బైకు మీద నలుగురు సర్దుకుని తిరిగే కుటుంబానికి ఆ 44 వేలు చిన్న మొత్తం కాదు. అలాంటి కుటుంబం షోరూముకు వెళ్లేముందు చేసే పని యూట్యూబులో నాలుగు సమీక్షలు చూడటం. అక్కడ ఒకరు ఒక కారును ఇంటిల్లిపాదికీ సరిపోయే బండి అంటారు, మరొకరు అదే కారును రేకు డబ్బా అంటారు. కింద వ్యాఖ్యల్లో ఎవరో ఒకరు కంపెనీ ఎంత ముట్టజెప్పిందని అడుగుతారు.

ఆ అనుమానం పూర్తిగా నిరాధారమైనది కాదు, కానీ తీర్పులు వేరుపడటానికి కారణాలు అంతకన్నా ఎక్కువే ఉన్నాయి. స్థూలంగా చూస్తే సమీక్షకుడి పక్షపాతం రెండు దారుల్లో వస్తుంది. మొదటిది ప్రయోజనం వల్ల వచ్చేది, అంటే డబ్బు, ప్రకటన, ప్రయాణం, ముందుగా కారు నడిపే అవకాశం. రెండోది అతని అలవాటు, అభిరుచి, కారును నడిపిన పరిస్థితుల వల్ల వచ్చేది. మొదటిదాని గురించి చర్చ ఎక్కువగా జరుగుతుంది. కొనేవారిని తప్పుదోవ పట్టించేది మాత్రం చాలాసార్లు రెండోదే, ఎందుకంటే అందులో అబద్ధం ఏమీ ఉండదు.

చిన్న కారు అంటే ఏది, ఎవరితో పోల్చాలి

పన్ను చట్టం దృష్టిలో చిన్న కారుకు కచ్చితమైన హద్దులున్నాయి. పొడవు 4,000 మిల్లీమీటర్లు దాటకూడదు. పెట్రోలు, సీఎన్‌జీ ఇంజిన్ అయితే 1,200 సీసీ, డీజిల్ అయితే 1,500 సీసీ మించకూడదు. 2006 కేంద్ర బడ్జెట్‌లో ఎక్సైజ్ సుంకం తగ్గించడానికి గీసిన ఈ గీత ఆ తర్వాత జీఎస్టీలోకి కూడా వచ్చింది. దీని ఫలితంగా 3,530 మిల్లీమీటర్ల ఆల్టో కే10, 3,995 మిల్లీమీటర్ల టాటా నెక్సాన్ పన్నుల లెక్కలో ఒకే కుదురులో ఉంటాయి. కొనేవారి దృష్టిలో అవి ఒకే రకం బళ్లు కావు.

నగరంలో తిరగడానికి కొనే హ్యాచ్‌బ్యాకుల్లో మారుతి వ్యాగన్‌ఆర్ పొడవు 3,655 మిల్లీమీటర్లు, సెలెరియోది 3,695. టాటా టియాగో సుమారు 3,765, హ్యుందాయ్ గ్రాండ్ ఐ10 నియోస్ 3,815. ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టడం సహజంగా ఉంటుంది. అయితే వీటి పై వేరియంట్ల ధరకు టాటా పంచ్, హ్యుందాయ్ ఎక్స్‌టర్‌ల కింది వేరియంట్లు దొరుకుతాయి. ఒక సమీక్షకుడు ధరను బట్టి పోలిస్తే టియాగో పక్కన పంచ్ వస్తుంది, పరిమాణాన్ని బట్టి పోలిస్తే వ్యాగన్‌ఆర్ వస్తుంది. ప్రత్యర్థి మారగానే టియాగో తీర్పు కూడా మారుతుంది. వీడియోలో ఒక్క మాట పలకకముందే, పోటీలో ఎవరిని నిలబెట్టాలన్న నిర్ణయంతోనే సగం ఫలితం తేలిపోతుంది.

వ్యాగన్‌ఆర్, టియాగో: ఒకటి నిలువు, ఒకటి అడ్డం

ఈ రెండింటి వివాదం బాగా పాతది కాబట్టి ఉదాహరణగా వీటినే తీసుకుందాం. వ్యాగన్‌ఆర్ ఎత్తు 1,675 మిల్లీమీటర్లు, వెడల్పు 1,620. టియాగో ఎత్తు 1,535, వెడల్పు 1,677. మొదటిది నిలువుగా పెరిగింది, రెండోది అడ్డంగా. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ వంగకుండా ఎక్కి కూర్చోగలిగేది వ్యాగన్‌ఆర్‌లోనే. దాని డిక్కీ సామర్థ్యం 341 లీటర్లు, టియాగోది 242. పెళ్లికి ఊరెళ్లేటప్పుడు ఆ వంద లీటర్ల తేడా ఒక పెద్ద సూట్‌కేసు రూపంలో కనిపిస్తుంది.

హైవే ఎక్కగానే లెక్క తిరగబడుతుంది. వ్యాగన్‌ఆర్‌లో 998 సీసీ ఇంజిన్ సుమారు 67 హార్స్‌పవర్ ఇస్తుంది (1,197 సీసీ ఇంజిన్ కూడా దొరుకుతుంది, దాని సంగతి తర్వాత). టియాగో 1,199 సీసీ ఇంజిన్ ఇచ్చేది 86. టియాగో బరువు కూడా సుమారు వంద కిలోలు ఎక్కువ. హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు కుడివైపు లేన్లలో గరిష్ఠ వేగ పరిమితి గంటకు 120 కిలోమీటర్లు. ఆ వేగానికి దగ్గరగా వెళ్తున్నప్పుడు పక్కగాలి కొడితే, ఎత్తుగా, తేలికగా ఉన్న బండిలో చేతికి తెలిసే కదలిక టియాగోలో అంతగా తెలియదు. మలుపుల్లో ఒరగడం కూడా వ్యాగన్‌ఆర్‌లోనే ఎక్కువ.

ఇక్కడివరకు ఏ సమీక్షకుడికీ భిన్నాభిప్రాయం ఉండదు. ఈ వాస్తవాల నుంచి ఏ కారు మేలు అనే వాక్యానికి వెళ్లే దారిలోనే చీలిక వస్తుంది. 2022-23, 2023-24, 2024-25 ఆర్థిక సంవత్సరాలు మూడింటిలోనూ దేశంలో అత్యధికంగా అమ్ముడైన కారు వ్యాగన్‌ఆర్. అదే కారును నడపడంలో ఆనందం లేనిదిగా తేల్చేసే సమీక్షలకు కొదవ లేదు. దీన్నిబట్టి కొన్నవారికి తెలివి లేదని గానీ, సమీక్షకులు అమ్ముడుపోయారని గానీ అనుకోనక్కర్లేదు.

మార్కులు మారకుండానే విజేత మారడం

ఊహాజనితమైన రెండు కార్లకు ఐదు అంశాల్లో పదికి మార్కులు వేద్దాం. ఇవి పైన చెప్పిన కార్లకు ఇచ్చిన మార్కులు కావు, లెక్క ఎలా పనిచేస్తుందో చూడటానికి మాత్రమే. మొదటి కారుకు మైలేజీలో 8, లోపలి స్థలంలో 9, భద్రతలో 5, హైవే నిలకడలో 5, సర్వీసు, రీసేల్ విలువల్లో 9. రెండో కారుకు వరుసగా 6, 6, 8, 8, 6.

తరచూ దూరప్రయాణాలు చేసే, నడపడాన్ని ఇష్టపడే సమీక్షకుడు హైవే నిలకడకు 35 శాతం, భద్రతకు 30, సర్వీసుకు 15, మైలేజీకి, స్థలానికి చెరి 10 శాతం ప్రాధాన్యం ఇస్తాడనుకుందాం. అప్పుడు మొదటి కారుకు 6.3, రెండో కారుకు 7.3 వస్తాయి. రోజూ పిల్లల్ని బడిలో దింపి ఆఫీసుకు వెళ్లే, ఇంట్లో పెద్దవారున్న కుటుంబం స్థలానికి 30, సర్వీసుకు 30, మైలేజీకి 25, భద్రతకు 10, హైవేకు 5 శాతం ఇస్తే మొదటి కారుకు 8.15, రెండో కారుకు 6.3 వస్తాయి. ఒక్క మార్కు కూడా మార్చలేదు. ఎవరూ ఎవరికీ రూపాయి ఇవ్వలేదు. అయినా విజేత మారాడు, అదీ స్వల్ప తేడాతో కాదు.

మన సమీక్షల్లో చాలావరకు ఈ శాతాలు పైకి చెప్పరు. చివర్లో ఇచ్చే నక్షత్రాలో, మొత్తం మార్కులో మాత్రమే వినిపిస్తాయి. చూసేవారు తమ ప్రాధాన్యాలే సమీక్షకుడికీ ఉన్నాయనుకుంటారు. భద్రతకు పది శాతమే ఇచ్చిన ఆ కుటుంబపు లెక్క సరైనదేనా అని ఎవరైనా అడగవచ్చు. అది న్యాయమైన ప్రశ్నే, కానీ ఆ వాదన బయటికి జరగాలంటే ముందు శాతాలు బయటపడాలి.

భద్రతా నక్షత్రాలు: అత్యంత గట్టిగా వినిపించే, అత్యంత అజాగ్రత్తగా వాడే అంకె

అభిమానుల యుద్ధాల్లో మొదట విసిరే అస్త్రం క్రాష్ పరీక్ష నక్షత్రం. టియాగోకు 4, వ్యాగన్‌ఆర్‌కు 1 అని ఒక వాక్యంలో చెప్పేస్తారు. రెండూ కార్లను గుద్దించి చూసి ఐదింటికి నక్షత్రాలిచ్చే అంతర్జాతీయ సంస్థ గ్లోబల్ ఎన్‌క్యాప్ వయోజన ప్రయాణికుల భద్రతకు ఇచ్చిన అంకెలే, రెండూ నిజమే. అయితే అవి ఒకే పరీక్షలో వచ్చినవి కావు.

టియాగోకు 4 నక్షత్రాలు వచ్చింది 2020 జనవరిలో. అప్పటి పరీక్షలో ముఖ్యమైనది కారును గంటకు 64 కిలోమీటర్ల వేగంతో, ముందు భాగంలో 40 శాతం మాత్రమే తగిలేలా ఒక అడ్డుగోడకు గుద్దించడం. 2022 జులై నుంచి ఆ సంస్థ నిబంధనలు కఠినమయ్యాయి. పక్కనుంచి ఢీకొట్టే పరీక్ష, ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ (కారు జారి అదుపు తప్పకుండా చూసే వ్యవస్థ), పాదచారుల రక్షణ కూడా లెక్కలోకి వచ్చాయి. వ్యాగన్‌ఆర్‌కు 1 నక్షత్రం వచ్చింది 2023లో, ఈ కొత్త నిబంధనల కింద. ఇదే తరం వ్యాగన్‌ఆర్ 2019లో పాత నిబంధనల కింద 2 నక్షత్రాలు తెచ్చుకుంది. కాబట్టి నాలుగుకు ఒకటి అనే పోలిక చెల్లదు. పాత నిబంధనల్లోనే రెండింటినీ చూస్తే నాలుగుకు రెండు అవుతుంది.

ఇక్కడితో ఆగితే మారుతి వైపు మొగ్గినట్టవుతుంది. పోలికను సరిచేసిన తర్వాత కూడా టియాగోదే పైచేయి. అంటే ఆ వాక్యం చూపిన దిశ సరైనదే, దూరం తప్పు. అయితే టియాగో అభిమానులు అంతగా ప్రస్తావించని వివరం ఒకటుంది. 4 నక్షత్రాలు తెచ్చుకున్న ఆ పరీక్షలోనే టియాగో బాడీ నిర్మాణం నిలకడ లేనిదని నివేదిక పేర్కొంది. వ్యాగన్‌ఆర్ విషయంలోనూ ఇదే మాట వచ్చింది. నక్షత్రం అనేది బొమ్మ ప్రయాణికుల తల, ఛాతీ, మోకాళ్లకు తగిలిన దెబ్బల లెక్కల నుంచి వచ్చే మొత్తం అంకె. బాడీ నిలకడ దానిలో ఒక భాగం. నిర్మాణం ఇంకా పెద్ద దెబ్బను తట్టుకోలేనిదైనా, ఆ వేగంలో ఎయిర్‌బ్యాగులు, బెల్టులు తమ పని చేస్తే మంచి అంకె రావచ్చు.

వేరియంటు సంగతి కూడా మరచిపోకూడదు. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ తొలిసారి భారత కార్లను పరీక్షించినప్పుడు ఆల్టో 800, నానో, ఫిగో, ఐ10, పోలో అన్నింటికీ సున్నాయే వచ్చింది. అదే పోలోను రెండు ఎయిర్‌బ్యాగులతో పరీక్షిస్తే 4 నక్షత్రాలు వచ్చాయి. 2025లో మారుతి వ్యాగన్‌ఆర్, సెలెరియో, ఆల్టో కే10లలో ఆరు ఎయిర్‌బ్యాగులను అన్ని వేరియంట్లకూ తప్పనిసరి చేసింది. కాబట్టి 2023 పరీక్షకు వెళ్లిన కారు, ఈరోజు షోరూములో ఉన్న కారు ఒకటి కావు. అలాగని అదనపు ఎయిర్‌బ్యాగులు బాడీ నిర్మాణాన్ని గట్టిపరచవు. 2023 అక్టోబరు 1 నుంచి మన దేశపు సొంత క్రాష్ పరీక్షల కార్యక్రమం భారత్ ఎన్‌క్యాప్ వచ్చింది, కానీ తయారీదారు స్వచ్ఛందంగా ముందుకొచ్చిన మోడళ్లనే అది పరీక్షిస్తుంది. నక్షత్రం లేకపోవడాన్ని కూడా ఒక సమాచారంగా చదవాలని కొందరు అంటారు, అనుమానాన్ని సాక్ష్యంగా తీసుకోలేమని మరికొందరు అంటారు. నాకు మొదటి వాదనే బలంగా కనిపిస్తుంది. మంచి ఫలితం వస్తుందన్న నమ్మకం ఉన్న కంపెనీకి పరీక్షను వాయిదా వేయడానికి పెద్ద కారణం ఉండదు.

మైలేజీ: ల్యాబులోని అంకె, రోడ్డు మీది అంకె

కంపెనీ ప్రకటించే మైలేజీ రోడ్డు మీద కొలిచినది కాదు. ప్రయోగశాలలో రోలర్ల మీద, ఏసీ ఆపి, నిర్ణీత క్రమంలో వేగం పెంచుతూ తగ్గిస్తూ కొలిచినది. ఆ క్రమంలో గరిష్ఠ వేగం గంటకు 90 కిలోమీటర్లు. అందుకే ప్రకటిత మైలేజీ వచ్చిందా లేదా అని సమీక్షకుడు నిలదీయడం ఆకట్టుకునే దృశ్యమే కానీ, దాని వల్ల తెలిసేది తక్కువ. అన్ని కార్లకూ ఒకే పరీక్ష కాబట్టి వాటిలో ఏది ముందు, ఏది వెనుక అన్న వరుస తెలుసుకోవడానికి ఆ అంకె పనికొస్తుంది.

వ్యాగన్‌ఆర్ మాన్యువల్‌లో 998 సీసీ ఇంజిన్ ప్రకటిత మైలేజీ లీటరుకు 24.35 కిలోమీటర్లు, 1,197 సీసీది 23.56. ఏడాదికి 10 వేల కిలోమీటర్లు తిరిగితే మొదటిదానికి సుమారు 411 లీటర్లు, రెండోదానికి 424 లీటర్లు పడుతుంది. పెట్రోలు లీటరు 107 రూపాయలు అనుకుంటే ఏడాదికి తేడా 1,500 రూపాయల లోపే. నగరంలో ఏసీతో ఈ అంకెలు 16, 14.5కు పడిపోయాయనుకుంటే ఆ తేడా దాదాపు 7 వేలవుతుంది. నిండా మనుషులతో తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడు చిన్న ఇంజిన్‌ను గట్టిగా తొక్కాల్సి వస్తుంది, అప్పుడు అది పెద్దదానితో సమానంగానే తాగవచ్చు. ఒంటరిగా రెండు రోజులు నడిపిన సమీక్షకుడు ఈ మూడు పరిస్థితుల్లో ఒకదాన్నే చూసి ఉంటాడు.

సీఎన్‌జీ పోలికలో మరో చిన్న మెలిక ఉంది. వ్యాగన్‌ఆర్ సీఎన్‌జీ మైలేజీ 34.05 అని చెప్పేటప్పుడు అది కిలోకు, లీటరుకు కాదు. 24తో పక్కపక్కన పెట్టదగిన అంకె కాదది. కిలోమీటరుకు ఎన్ని రూపాయలు పడుతుందన్నదే పోల్చదగినది. సిలిండరు పెట్టాక ఆ 341 లీటర్ల డిక్కీలో మిగిలేదెంత అన్నది కూడా అదే వాక్యంలో చెప్పాలి.

ఎక్కడి నుంచి దిగి ఏ కారు ఎక్కారు

క్లచ్ పెడల్ లేని ఏఎంటీ గేరుబాక్సు మన దేశంలో 2014లో సెలెరియోతో మొదలైంది. లోపల ఉండేది మామూలు మాన్యువల్ గేరుబాక్సే, గేరు మార్చే పని మాత్రం ఒక యంత్రాంగం చేస్తుంది. గేరు మారేటప్పుడు తల కాస్త ముందుకు ఊగుతుంది. నిన్న ఇరవై లక్షల ఆటోమేటిక్ నడిపి, నేడు ఈ కారు ఎక్కిన సమీక్షకుడికి ఆ ఊగుడు లోపంగా తోస్తుంది. అమీర్‌పేట నుంచి కూకట్‌పల్లి దాకా రోజూ క్లచ్ తొక్కి ఎడమ కాలు నొప్పిపెట్టిన మనిషికి అదే గేరుబాక్సు వరంగా తోస్తుంది. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. ఏడాదికి పదుల సంఖ్యలో కొత్త కార్లు నడిపే వ్యక్తి కొలబద్ద, పదేళ్లకు ఒక కారు కొనే కుటుంబం కొలబద్ద ఒకటి కావు.

దీనికి తోడు సమీక్షకు ఇచ్చే కారు సాధారణంగా అన్ని హంగులూ ఉన్న పై వేరియంటే. పెద్ద టచ్‌స్క్రీను, వెనుక కెమెరా, అల్లాయ్ చక్రాలు చూపించి, చివర్లో ప్రారంభ ధర చెప్తే, చూసేవారి మనసులో ఆ రెండూ కలిసిపోతాయి. మధ్య వేరియంటు కొనేవారికి ఆ వీడియోలో సగం చూడనక్కర్లేనిదే.

సమీక్షకుడి చేతికి కారు ఎలా వస్తుంది

కొత్త కారు మార్కెట్లోకి వచ్చేముందు కంపెనీ సమీక్షకులను ఒక ఊరికి పిలిచి, నడిపే అవకాశం ఇస్తుంది. ప్రయాణం, బస ఖర్చులు మామూలుగా కంపెనీవే. రోడ్లు బాగుండే చోటును ఎంచుకోవడం ఆశ్చర్యపడాల్సిన విషయం కాదు. వీడియో ఏ తేదీకి, ఎన్ని గంటలకు బయటపెట్టాలో ముందే చెప్పి, అందరి చేతా ఒప్పిస్తారు. ఆ గంటకు వీడియో సిద్ధంగా లేని ఛానెల్ వీక్షణల్లో వెనకబడుతుంది. తర్వాతి పిలుపు రాకపోతే ఆ పోటీలోనే ఉండదు.

సమీక్షకుల వాదన తేలిగ్గా తీసివేయదగినది కాదు. ఆరేడు లక్షల కారును ప్రతిసారీ సొంతంగా కొని పరీక్షించడం ఒక తెలుగు ఛానెల్‌కు సాధ్యమయ్యే పని కాదు. పిలుపుకు వెళ్లకపోతే మొదటి రోజు సమాచారం కంపెనీ ప్రకటనే అవుతుంది. పైగా వారి పెట్టుబడి నమ్మకమే, అది పోతే ప్రకటనలూ పోతాయి. అమెరికాలోని కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ ప్రకటనలు తీసుకోకుండా, తామెవరో చెప్పకుండా మామూలు కొనుగోలుదారులా కార్లు కొని పరీక్షిస్తుంది. 1936 నుంచి నడుస్తున్న ఆ సంస్థకు డబ్బు వచ్చేది చందాదారుల నుంచి, విరాళాల నుంచి. మన దగ్గర సమీక్షకు డబ్బు కట్టి చదివే అలవాటు లేదు కాబట్టి ఆ ఖర్చు వేరెవరో భరించాలి.

నియమాలు లేవని కాదు. ప్రకటనల ప్రమాణాల సంస్థ ఏఎస్‌సీఐ 2021లో ఇన్‌ఫ్లుయెన్సర్లు ప్రచారాన్ని ప్రచారంగా గుర్తుపట్టేలా చూపాలని నిబంధనలు తెచ్చింది. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం డబ్బు మాత్రమే కాదు, ఉచిత వస్తువులు, ప్రయాణాలు, హోటల్ బస కూడా వెల్లడించాల్సిన సంబంధాలే. వీడియోలో అయితే ఆ మాట కింద వివరణలో కాకుండా వీడియోలోనే, అదీ వీడియో నడిచే భాషలోనే ఉండాలి. తప్పుదోవ పట్టించే ప్రచారానికి వినియోగదారుల రక్షణ చట్టం కింద తొలిసారి 10 లక్షల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా పడవచ్చు. ఆదాయపు పన్ను విభాగం గీత మరోచోట గీసింది. ప్రచారానికిచ్చిన కారును వాడి తిరిగి ఇచ్చేస్తే అది లబ్ధి కాదు, ఉంచుకుంటే లబ్ధే. పన్ను లెక్కకు ఆ గీత సరిపోతుంది. తిరిగి ఇచ్చేసిన కారు మనసు మీద వేసే ముద్రకు సరిపోదు.

నా గమనింపులో డబ్బు ప్రభావం పొగడ్తలో కన్నా విమర్శ ఎంపికలో కనిపిస్తుంది. వెనుక సీటుకు ఆర్మ్‌రెస్టు లేదు, ఫలానా రంగు ఉంటే బాగుండేది, స్పీకర్లు ఇంకాస్త మెరుగ్గా ఉండాల్సింది. ఇలాంటి హాని లేని లోపాలు నిష్పాక్షికతకు రుజువులుగా వరుసగా వస్తాయి. బాడీ నిర్మాణం, క్రాష్ ఫలితం, మధ్య వేరియంట్లో తీసేసిన పరికరాలు ఆ జాబితాలో ఉన్నాయా అన్నదే చూడాల్సింది.

యజమానుల మాటా తూకం తప్పుతుంది

సమీక్షకులను నమ్మనివారు యజమానుల వైపు తిరుగుతారు. అక్కడ పక్షపాతం ఇంకో రూపంలో ఉంటుంది. ఆరు లక్షలు పెట్టి కొన్న వస్తువు తప్పు ఎంపిక అని ఒప్పుకోవడం ఎవరికైనా కష్టం. బాగా మండినవారు, బాగా మురిసినవారు రాసినంతగా, ఏ ఇబ్బందీ లేకుండా తిరుగుతున్నవారు రాయరు. సర్వీసు అనుభవం కంపెనీది కన్నా ఆ ఊరి డీలరుది ఎక్కువ. విజయవాడలో ఒకరికి చేదుగా ఉన్న కంపెనీ వరంగల్‌లో మరొకరికి తీపిగా ఉండవచ్చు. అయినా యజమాని దగ్గర సమీక్షకుడి దగ్గర లేనిది ఒకటుంది: మూడేళ్ల బిల్లులు. క్లచ్ ప్లేటు ఎన్ని కిలోమీటర్లకు మారింది, సస్పెన్షన్ నుంచి చప్పుడు ఎప్పుడు మొదలైంది, టైర్లు ఎంతకాలం వచ్చాయి, అమ్మితే ఎంత పలికింది అన్నవి మొదటి రోజు ఎవరికీ తెలియవు.

40 వేల కిలోమీటర్లు తిరిగిన వ్యాగన్‌ఆర్‌ను, టియాగోను పక్కపక్కన నిలిపి ఆ బిల్లులు చదివే వీడియో తీయడానికి కంపెనీ పిలుపు అక్కర్లేదు, ఇద్దరు యజమానులు చాలు. అలాంటివి అరుదుగా వస్తాయి. జనం వెతికేది కారు మార్కెట్లోకి వచ్చిన వారంలోనే, ఛానెళ్ల శ్రమంతా ఆ వారానికే ఖర్చవుతుంది.